త్రాగునీటిలో క్లోరిను: దాని రక్షణ, దాని శేషము

గ్రామములలో పంచాయతీవారు త్రాగునీటి ట్యాంకునందు బ్లీచింగు పౌడరు కలుపునపుడెల్ల రెండు మాటలు వినవచ్చుచుండును. "మందు వేసినారు, ఇక భయము లేదు" అనునది యొకటి. "ఆ మందునీరు త్రాగినచో క్యాన్సరు వచ్చును" అనునది రెండవది. రెండవ మాటను నమ్మినవారిలో కొందఱు పంపు ఆపరేటరుపై కేకలువేసి పౌడరు కలుపనీయకుండుటయు, మఱికొందఱు ఇంటి కుళాయిని విడిచి క్యాను నీరు కొనుటయు మేము చూచుచున్నాము.

ఈ రెండు మాటలలోను కొంత నిజము, కొంత పొరపాటు గలవు. క్లోరిను నీటిలోని రోగక్రిములను చంపుననుట నిజము; దానితో భయమంతయు తీఱుననుట పొరపాటు. క్లోరిను కలిపిన నీటిలో కొన్ని క్రొత్త పదార్థములు పుట్టుననుట నిజము. అందుచేత క్లోరినునే మానవలెననుట మాత్రము ప్రాణములమీదికి తెచ్చు పొరపాటు. ఈ విషయము వైద్యులకును ఇంజనీర్లకును సంబంధించినదేగాని మనకేల యని రైతులు తలపరాదు. ఆ క్రొత్త పదార్థములు పుట్టుటకు వలయు ముడిసరకు మన చెఱువుగట్లమీదినుండియు, మన పొలముల మురుగుకాలువలనుండియు, మన పశువుల కొట్టములనుండియు పోవుచున్నది. కావున కొంచెము విపులముగనే వ్రాయుచున్నాము.

క్లోరిను నీటిలోనికి వచ్చిన విధము

క్లోరిను ఒక వాయువు. స్వీడను దేశపు రసాయనజ్ఞుడు షీలే 1774లో దానిని మొదట తయారుచేసెను. మన వంటయుప్పులో సగమునకు మించిన బరువు ఇదియే. నేడు ఉప్పునీటిలో విద్యుచ్ఛక్తిని పాఱించి దానిని తీయుచున్నారు. సున్నమునకు ఈ వాయువును పట్టించి చేసిన పొడియే బ్లీచింగు పౌడరు. మొదట దీనిని బట్టలు చలువచేయుటకే వాడెడివారు. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్ పట్టణమున టైఫాయిడ్ జ్వరము ప్రబలినపుడు ఈ పొడితో నీటిగొట్టములను శుద్ధిచేసిరి. 1905లో లింకన్ పట్టణమున అదే జ్వరము రాగా, అలెగ్జాండర్ హూస్టన్ అను వైద్యుడు నీటిలో ఎడతెగక క్లోరిను ద్రావణము పడునట్లు ఏర్పాటు చేసెను. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీకి నీరిచ్చు జలాశయమున జాన్ లీల్ అను వైద్యుడు ఇట్టి పనినే చేయగా ఆ విషయము న్యాయస్థానమునకు ఎక్కినది. నీటిలో మందు కలుపుట తగునా యని వాదములు జరిగి, తుదకు తగునని తేలినది. పిమ్మట కొలది యేండ్లలోనే ఆ పద్ధతి దేశదేశములకు వ్యాపించెను. మన ప్రాంతములలో అంతకుముందు వాంతిభేది సోకిన ఊళ్ళయందు బావులలో పర్మాంగనేటు కలిపి నీటిని గులాబీరంగుగా చేయుచుండిరి. దానికంటె క్లోరిను చౌకయు, బలమైనదియు నగుటచే పర్మాంగనేటు క్రమముగా వెనుకబడినది.

క్లోరినునకు మఱియొక గుణము గలదు. క్రిములను చంపగా మిగిలిన కొంచెము క్లోరిను నీటివెంట గొట్టములలో ప్రయాణముచేసి, దారిలో చేరు మలినమును గూడ ఎదుర్కొనును. దీనినే మిగులు క్లోరిను అందురు. కాచిన నీటికిగాని వడపోసిన నీటికిగాని ఈ కావలి లేదు.

చెఱువునీటిలోని కషాయము

ఇట్లు ఆఱుపదులకు పైబడిన యేండ్లు గడచిన పిమ్మట, 1974లో హాలెండు దేశమందలి రోటర్‌డామ్ పట్టణపు నీటిసరఫరా శాఖలో రసాయనజ్ఞుడుగా నుండిన యోహాన్నెస్ రూక్ ఒక సంగతిని ప్రకటించెను. నదినుండి వచ్చు పచ్చినీటిని పరీక్షింపగా అందు లేని క్లోరోఫారము, అదే నీటికి క్లోరిను కలిపిన పిమ్మట కనబడుచున్నది! దానితోబాటు బ్రోమిను చేరిన మఱి మూడు పదార్థములును కనబడినవి. అనగా అవి ఏ కర్మాగారమునుండియో నదిలోనికి వచ్చినవి కావు. శుద్ధిచేయుచోటనే, శుద్ధిచేయు పనివలననే పుట్టినవి. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వ రసాయనజ్ఞులును అట్టి ఫలితమునే ప్రకటించిరి. ఈ నాలుగింటిని కలిపి ట్రైహాలోమీథేనులని పేరు పెట్టియున్నారు.

ఇవి ఎట్లు పుట్టునో రైతునకు తెలియజెప్పుట కష్టము గాదు. వేసవిలో అడుగంటిన చెఱువునీరు తేనీటి రంగున నుండుట మీ రెఱిగినదే. ఆకులు, గడ్డి, తూటికాడ, నాచు మున్నగునవి నీటిలో కుళ్ళి, వాని సారము కషాయమువలె దిగినందువలన ఆ రంగు వచ్చినది. పొలమునకు బలమిచ్చు నల్లని మట్టిలో నుండునదియు ఈ సారమే. దానిని హ్యూమస్ అందురు. పొలములో నున్నపుడు అది సంపద. త్రాగునీటిలో నున్నపుడు క్లోరినునకు ఆహారము. క్లోరిను ఈ సారమును తాకి దానిని ముక్కలుచేయును. ఆ ముక్కలలో కొన్నింటికి తాను అంటుకొనును. అట్లు అంటుకొన్నవే క్లోరోఫారము మొదలగునవి.

ఆకలిగొన్న ఎద్దునకు గడ్డివామి కంటబడినచో కాడి సంగతి యేల పట్టును? కుళ్ళిన సారము హెచ్చుగ నున్న నీటిలో క్లోరిను ఇట్టిదే. వేసినదంతయు ఆ సారముమీద ఖర్చగును, క్రిములు బ్రతికియే యుండును. పరీక్షింపగా మిగులు క్లోరిను కనబడదు. చాలలేదని ఆపరేటరు మఱి రెండు గిద్దలు గుమ్మరించును. అప్పుడు ఒకవైపు క్రిములకు సరిపడు మోతాదు దొరకునో లేదో తెలియదుగాని, రెండవవైపు శేషపదార్థములు మాత్రము తప్పక పెరుగును. కావున మురికినీటికి ఎక్కువ మందు వేసినచో సరిపోవుననుట సరియైన లెక్క కాదు.

సారము ఎంత హెచ్చయిన, క్లోరిను ఎంత హెచ్చయిన, నీరు ఎంత వెచ్చనైన, కలిపిన పిమ్మట ఎంత కాలము నిలిచిన, ఈ శేషములు అంత హెచ్చును. మన దేశమున ఎండకాగిన ట్యాంకులో ఒకటి రెండు దినములు నిలిచిన చెఱువునీటికి ఈ నాలుగును కూడివచ్చును. సముద్రతీర గ్రామములలో మఱియొకటి గూడ చేరును. సముద్రపు ఉప్పులో బ్రోమిను గలదు. ఉప్పునీరు ఊఱిన నీటికి క్లోరిను కలిపినచో బ్రోమిను గల శేషములు హెచ్చుగ పుట్టును. వీనిని గూర్చి శాస్త్రజ్ఞులు క్లోరోఫారముకంటె ఎక్కువ జాగ్రత్త వహించుచున్నారు. లోతైన బోరునీటిలో సాధారణముగా కుళ్ళిన సారము తక్కువ గనుక ఈ బాధయు తక్కువ. బోరులకు ఫ్లోరైడు మున్నగు వేఱు బాధలు గలవు. అది మఱొక పాఠము.

ట్రైహాలోమీథేనులు మాత్రమే గాక హాలోఎసిటిక్ ఆమ్లములను మఱియొక తెగ శేషములును పుట్టును. మొదటి తెగ ఆవిరియై పోవు స్వభావము గలది, రెండవది పోదు. ఈ భేదము ముందు మనకు పనికివచ్చును.

క్లోరోఫారమను పేరు తెలుగువారికి క్రొత్తది గాదు. 1847లో ఎడింబరో నగర వైద్యుడు సింప్సన్ దీనిని ప్రసవబాధ తెలియకుండ మత్తునకు వాడెను. ఆ మత్తువలన కొందఱు శస్త్రచికిత్స బల్లమీదనే మరణించుచుండగా, దానికి కారణము గుండె యాగుటయా, శ్వాస యాగుటయా యను వివాదము పుట్టెను. దానిని తేల్చుటకు 1888లోను 1889లోను హైదరాబాదునందే, నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో, డాక్టరు లారీ ఆధ్వర్యవమున రెండు సంఘములు కూర్చుండి జంతువులపై ప్రయోగములు చేసినవి. ఆ సంఘముల తీర్పు పిమ్మటి కాలమున నిలువలేదనుట వేఱు మాట. అయితే ఒక సంగతి గమనింపవలెను. మత్తునకు పీల్చిన క్లోరోఫారము గ్రాముల లెక్కలోనిది. నీటిలోనిది గ్రామునందు పదిలక్షలవ వంతుల లెక్కలోనిది. పేరు ఒకటైనంతమాత్రమున రెండింటి ఫలితము ఒకటి గానేరదు.

ఎంత యుండిన ఎంత భయము

1976లో అమెరికాలో ఎలుకలకును చుంచులకును క్లోరోఫారమును దీర్ఘకాలము హెచ్చు మోతాదున పెట్టి చూడగా వానికి క్యాన్సరు గడ్డలు లేచినవి. దానిపై 1979లో ఆ ప్రభుత్వమువారు పెద్ద నీటిసరఫరాలలో ట్రైహాలోమీథేనులన్నియు కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదని కట్టడిచేసి, 1998లో దానిని 80కి తగ్గించిరి. హాలోఎసిటిక్ ఆమ్లములలో అయిదింటికి కలిపి 60 అని నిర్ణయించిరి. మన దేశమున 2012 నాటి త్రాగునీటి ప్రమాణములో క్లోరోఫారమునకు లీటరుకు 200 మైక్రోగ్రాములును, బ్రోమోఫారమునకు 100యు, బ్రోమోడైక్లోరోమీథేనునకు 60యు హద్దులుగా నున్నవి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు క్లోరోఫారమునకు 300 వఱకు అంగీకరించియున్నారు. హద్దులు దేశమునకొకటిగా నుండుటచే చదువరులు కంగారుపడరాదు. లెక్కించు విధము వేఱు, జాగ్రత్తకై విడుచు వెసులుబాటు వేఱు.

మైక్రోగ్రామనగా నెంత? ఒక బియ్యపుగింజ బరువు సుమారు 20 మిల్లీగ్రాములనుకొనుడు. లీటరుకు 200 మైక్రోగ్రాముల లెక్కన, ఒక బియ్యపుగింజ యెత్తు క్లోరోఫారము 100 లీటర్ల నీటిలో నుండును. ఇది ఒకనాటిలో ఎవరిని పడగొట్టునది గాదు. పదుల యేండ్లు హెచ్చు శేషములు గల నీరు త్రాగినవారిలో మూత్రాశయపు క్యాన్సరు కొంచెము హెచ్చుగ కనబడినదని పలుదేశముల పరిశోధనలు చెప్పుచున్నవి. ఆ సంబంధము పూర్తిగా రుజువైనదనుటకు వీలులేదు. లేదని త్రోసివేయుటకును వీలులేదు. ఇంకొక విశేషము: ఈ ఆవిరి పదార్థములు త్రాగుటవలననే గాక, మూసిన గదిలో వేడినీటి స్నానము చేయునపుడు ఊపిరివెంటను, చర్మమువెంటను గూడ లోనికి పోవును. స్నానపుగదికి కిటికీ యుండుట మేలనుటకు ఇదియు నొక కారణము.

ఇక రెండవ పళ్ళెము చూతము. 1991 జనవరిలో దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున కలరా పుట్టి, ఆ ఒక్క సంవత్సరములోనే ఆ దేశమున 3 లక్షలకు పైగా జనులు జబ్బుపడిరి; సుమారు 2,900 మంది చనిపోయిరి. క్యాన్సరు భయముచే అచ్చటివారు బావులకు క్లోరిను మానుటయే కారణమని అప్పుడు కొందఱు వ్రాసిరి. పిమ్మట విచారించినవారు అది ముఖ్యకారణము గాదనియు, గొట్టములు చెడిపోవుట, డబ్బు లేకపోవుట, మురుగు నీటిలో కలియుట ముఖ్యమనియు చెప్పిరి. మేము ఈ రెండవ మాటనే నమ్ముచున్నాము. అయినను కారణమేదైనను క్లోరిను లేని నీరు ఎంత త్వరగా చంపునో తెలియుటకు ఆ లెక్క చాలును. శేషపదార్థముల భయము ముప్పదియేండ్ల భయము. కలరా భయము మూడుదినముల భయము.

రైతులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది కెనడా దేశమున ఆంటారియో రాష్ట్రమందలి వాకర్టన్ అను ఊరి కథ. అది వ్యవసాయపు ఊరు, జనసంఖ్య 4,800. 2000 మే 8 మొదలు 12వఱకు పెద్దవానలు కురిసినవి. ఊరికి నీరిచ్చు బావులలో లోతులేని 5వ నంబరు బావి చేరువనున్న పొలములో పశువుల పేడ ఎరువుగా వేసియుండిరి. వాననీటితో ఆ పేడలోని క్రిములు భూమిలోనికి దిగి బావిలో చేరినవి. సుమారు 2,300 మంది వ్యాధిగ్రస్తులైరి, ఏడుగురు మరణించిరి. విచారణ జరిపిన న్యాయమూర్తి పొలముగల రైతునందు తప్పులేదనెను. అతడు మంచిపద్ధతిలోనే ఎరువు వేసియుండెను. మఱి తప్పెచట? నీటిసరఫరా చూచువారు చాలినంత క్లోరిను వేయుట లేదు. ప్రతిదినము మిగులు క్లోరినును కొలువవలసియుండగా కొలువకయే పుస్తకములో అంకెలు వ్రాయుచుండిరి. వారు మోతాదు తగ్గించుటకు గల కారణములలో ఒకటి వినుడు: నీరు మందువాసన కొట్టుచున్నదని ఊరివారిలో కొందఱు సణుగుచుండిరట!

మన ఊళ్ళలో పంపు ఆపరేటరుపై కేకలువేయు పెద్దలు ఈ యొక్క వాక్యమును రెండుమారులు చదువవలెనని కోరుచున్నాము.

దీనికి ఎదురు కథ అమెరికాలోని ఫ్లింట్ పట్టణముది. 2014 ఏప్రిలులో ఖర్చు తగ్గించుకొనుటకై ఆ పట్టణమునకు పూర్వపు మంచినీటిని మాని, సమీపమందలి నదినీటిని ఇచ్చిరి. వేసవికడపట నీటిలో మలినక్రిములు కనబడగా క్లోరినును హెచ్చించిరి. హెచ్చింపగా ట్రైహాలోమీథేనులు హద్దు మీఱినవి. 2015 జనవరిలో జనులకు ఆ సంగతి తెలియజేసిరి. గొట్టములు తినివేయబడకుండ వేయవలసిన మందును వేయకపోవుటచే ఇనుపగొట్టములు తుప్పుపట్టి క్లోరినును మ్రింగుచుండెను, సీసపుగొట్టములనుండి సీసము నీటిలో కరగినది. 2015 అక్టోబరులో మఱల పూర్వపు నీటికే పోవలసివచ్చెను. అచట క్లోరిను తక్కువైన చోట క్రిములు, ఎక్కువైన చోట శేషములు, రెంటికిని మూలము పచ్చినీటి గుణమును ముందు చూడకపోవుట.

మన ఏలూరులో 2020 డిసెంబరున వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి పాలైనపుడు, బ్లీచింగు పౌడరు హెచ్చగుటయే హేతువని ఒక మాట లేచినది. పరీక్షలు జరిపినవారు పిమ్మట సీసము, నికెలు, పురుగుమందులను గూర్చి చెప్పిరి. మొదటి మాటయే జనుల చెవులలో నిలిచినది.

కషాయమును ముందే తీయుట

శేషములను తగ్గించు ఉపాయము క్లోరినును తగ్గించుట గాదు, క్లోరినునకు ముందు కుళ్ళిన సారమును తగ్గించుట. చెఱువునుండిగాని కాలువనుండిగాని తెచ్చిన నీటికి మొట్టమొదటనే పౌడరు కలుపరాదు. ముందు తేరనీయవలెను, పటిక వేసి మడ్డిని దింపవలెను, ఇసుక వడపోతనుండి పంపవలెను, ఆ పిమ్మటనే క్లోరిను. నెమ్మదిగా వడియు ఇసుకమడులలో పైపొరయందు పెరుగు జిగురువంటి పొర క్రిములను పట్టుటయే గాక ఆ సారములో కొంతను తానే తినివేయును. పెక్కు గ్రామములలో ఈ ఇసుకమడులు కట్టబడియుండియు, ఇసుక గీచి శుభ్రముచేయువారు లేక నీరు వానిని తప్పించుకొని నేరుగా ట్యాంకునకు పోవుచున్నది. అట్టి చోట ఎంత పౌడరు వేసినను డబ్బు దండుగయే.

మన యిండ్లలో పూర్వము బానకడుపున ఇండుపగింజను అరగదీసి మడ్డినీటిని తేర్చెడివారు. అది మంచి ఆచారమే. కాని గింజ హెచ్చుగ అరగదీసినచో దాని సారమే నీటిలో మిగులును. మఱియు అది క్రిములను చంపదు. తేర్చిన నీటిని కాచుటగాని క్లోరిను కలుపుటగాని ఉండవలసినదే.

రైతుల వంతు ఇచటనే యున్నది. త్రాగునీటి చెఱువులోనికి ఎరువునీరు పాఱినచో నాచు దట్టముగ పెరుగును. నాచు చచ్చి కుళ్ళినచో అదియు క్లోరినునకు మేతయే. అమోనియా ఎరువులు గాని పశువుల మూత్రము గాని కలిసినచో క్లోరిను వానితో చేరి బలహీనమగును. చెఱువు ఎగువ పొలములనుండి వచ్చు మురుగును ప్రక్కకు మళ్ళించు కాలువ త్రవ్వుట, గట్టుమీద ఆకురాల్చు చెట్లను నీటివైపున పెంచకుండుట, తూటికాడను గుఱ్ఱపుడెక్కను కాలువ కట్టివేయు దినములలో తీసి గట్టున గాక దూరమున కంపోస్టు చేయుట, పశువులను త్రాగునీటి చెఱువులోనికి దింపకుండుట: ఇవి సంఘము పూనుకొన్నచో జరుగు పనులు. తీసిన తూటికాడ పొలమునకు మంచి ఎరువు గూడ నగును.

హాలెండువారు శేషముల భయముచే క్రమక్రమముగా క్లోరినునే మానివేసిరని చదివి, మనమేల మానరాదని అడుగువారున్నారు. వారు ఇసుకదిబ్బలగుండ వడియు నీటిని, భూగర్భజలమును, అతినీలలోహిత కిరణములను వాడుదురు. అంతకంటె ముఖ్యము, వారి గొట్టములు కాఱవు, రాత్రింబగళ్ళు నీటి ఒత్తిడి తగ్గదు. మన కుళాయిలు దినమునకొక గంటయో రెండు గంటలో వచ్చి ఆగును. ఆగినపుడు ఖాళీయైన గొట్టము చీలికలగుండ ప్రక్కనున్న మురుగును పీల్చుకొనును. అట్టి గొట్టములకు మిగులు క్లోరిను తప్ప వేఱు కావలి లేదు.

క్యాను నీటిని గూర్చి ఒక్కమాట. ఆ యంత్రములలోని పలుచని పొర క్లోరినునకు చెడిపోవును గనుక ముందే బొగ్గు వడపోతతో క్లోరినును తీసివేయుదురు. బయటికి వచ్చు నీటిలో కావలి యుండదు. క్యాను కడుగని దైనను, చేయి ముంచినను ఆ నీరు కుళాయి నీటికంటె త్వరగ చెడును.

బావికి మందు వేయు లెక్క

నీటిని అంచనాచేయక గుప్పెడు లెక్కన పౌడరు చల్లుట మన ఊళ్ళలో వాడుక. దానికంటె లెక్క సులభమే. గుండ్రని బావి వ్యాసము మీటర్లలో కొలిచి, దానిని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 3.14తో గుణించి, 4చే భాగించిన యెడల నీరు ఎన్ని ఘనమీటర్లో వచ్చును. ఒక్కొక్క ఘనమీటరు 1,000 లీటర్లు. మంచి పౌడరైనచో 1,000 లీటర్లకు రెండున్నర గ్రాములు చాలును. దీనివలన లీటరుకు ముప్పాతిక మిల్లీగ్రాము క్లోరిను కలియును. ఉదాహరణమునకు 3 మీటర్ల వ్యాసము, 4 మీటర్ల నీరు గల బావిలో 28,260 లీటర్లు. పౌడరు 71 గ్రాములు. ఇది తేరిన నీటి లెక్క. మడ్డినీటికి ఇంకను కావలసివచ్చును; ఆ హెచ్చును ఊహించి వేయక, మిగులు క్లోరినును పరీక్షించియే నిర్ణయింపవలెను.

పౌడరును నేరుగా బావిలో చల్లరాదు. బొక్కెనలో కొంచెము నీటితో ముద్దగా కలిపి, మఱికొంత నీరు పోసి, పదినిమిషములు నిలిపినచో సున్నము అడుగునకు దిగును. పైతేటను వేఱొక బొక్కెనలోనికి వంచి, దానిని త్రాటితో బావిలోనికి దించి, నీటి అడుగున ఎగురవేయుచు కలుపవలెను. గంట కాలమునకు తక్కువగాక ఆగి నీరు తోడుకొనవచ్చును. రాత్రి తోడుట ముగిసిన పిమ్మట కలిపినచో తెల్లవారునప్పటికి సిద్ధముగ నుండును. పరీక్షకు గ్రామములకిచ్చు పెట్టెలోని మాత్ర వేసినపుడు నీరు లేత గులాబీరంగు తిరిగినచో క్లోరిను మిగిలినదన్నమాట. రంగుపలకతో పోల్చి లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండ చూచుకొనవలెను. వ్యాధులు ప్రబలిన దినములలో 0.5 ఉండుట మంచిది.

ఇంటిలో శేషములను తగ్గించుకొనవలెనన్నచో మూతలేని గిన్నెలో నీటిని కొన్ని నిమిషములు తెరలకాచినచో ట్రైహాలోమీథేనులు చాలవఱకు ఆవిరితో పోవును. వంటయింటి కిటికీ తెఱచియుంచవలెను. బొగ్గు వడపోతయు పనికివచ్చును, కాని బొగ్గును చెప్పిన గడువునకు మార్చకున్నచో అందులోనే క్రిములు కాపురముండును. కాచిన నీటికిని బొగ్గునీటికిని పిమ్మట మూతయు, పొడవుకాడ గరిటెయు తప్పనిసరి.

బ్లీచింగు పౌడరు కట్ట విప్పినది మొదలు బలము కోల్పోవుచుండును. వేడిమికి, చెమ్మకు, వెలుతురునకు ఇంకను త్వరగ పోవును. పోయిన యేటి సంచిలోని పొడి ముక్కుకు వాసన కొట్టినను అందు బలము సగమైనను ఉండునని చెప్పజాలము. కావున పంచాయతీవారు కొన్న తేదీని సంచిమీద వ్రాయించుట మంచిది. మఱియొక హెచ్చరిక మన సంఘములకే చెందినది: గిడ్డంగిలో స్థలము గలదని అమోనియా ఎరువులు, యూరియా, పురుగుమందులు, కిరసనాయిలు ఉన్నచోట ఈ పౌడరును ఉంచరాదు. అవి కలిసినచో విషవాయువు పుట్టుటయు, నిప్పంటుకొనుటయు గలదు. దానికి వేఱుగది, చెక్కబల్లమీద, తడితగలకుండ ఏర్పాటు చేయవలెను.

గ్రామములలో అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పించు ఏర్పాటు 2019లో మొదలైన జలజీవన్ పథకములో నున్నది. వారి పెట్టెతో మిగులు క్లోరిను తెలియును గాని ట్రైహాలోమీథేనులు తెలియవు. వానికి పెద్ద ప్రయోగశాలలోని యంత్రము కావలయును. చెఱువునీరు త్రాగు ఊరివారు సంవత్సరమునకొకసారియైనను, వేసవికడపట, అట్టి పరీక్ష చేయింపుమని గ్రామసభలో తీర్మానము వ్రాయించి పంపవచ్చును. నమూనాను ట్యాంకువద్ద పట్టినచో చాలదు. ఊరికి మిక్కిలి దూరముననున్న చివరి కుళాయివద్ద పట్టింపుడు. నీరు గొట్టములో నిలిచినకొలదిని క్లోరిను తరుగుచు శేషములు పెరుగుచుండును గనుక రెండు లోపములును ఆ కుళాయివద్దనే మొదట బయటపడును.